ఏఐ డేటా కంపెనీ ఇప్పుడు పెడితే పెద్దవాళ్ళ మధ్య నిలబడగలమా?

ముగ్గురు స్నేహితులు కలిసి ఏఐ మోడల్స్‌కి ట్రెయినింగ్ డేటా తయారుచేసే కంపెనీ పెట్టాలనుకుంటున్నామనీ, ఇదే పనిచేసే స్కేల్ ఏఐ లాంటి పెద్ద కంపెనీలుండగా మాకు పని ఎవరిస్తారనీ అడిగారు కదా. నేను ఆ పని ఆరేళ్ళు చేశాను. పని దొరుకుతుందండీ, అందులో డబ్బు మిగలడమే కష్టం.

మేం మొదట్లో రేటు తగ్గించి పని పట్టాం. తప్పు చేశాం. మీకంటే తక్కువకి చేసేవాడు ఏదో ఒక దేశంలో ఎప్పుడూ ఉంటాడు, పైగా ఫోటోలో వస్తువుల చుట్టూ గీసే మామూలు బాక్సులైతే ఇప్పుడు మోడలే ముందు గీసేస్తుంది, మనిషి సరిదిద్దితే చాలు.

అసలు దెబ్బ సైకిల్ దగ్గర తిన్నాం. రోడ్డు ఫోటోల ప్రాజెక్టు అది. సైకిల్ మీద మనిషుంటే రెంటికీ కలిపి ఒక బాక్సా, రెండా అన్నది గైడ్‌లైన్స్‌లో లేదు. పగటి షిఫ్ట్ వాళ్ళు ఒకటి గీశారు, నైట్ షిఫ్ట్ వాళ్ళు రెండు. సైకిల్ తోసుకుంటూ నడిచేవాడి సంగతి ఎవరికి తోచినట్టు వాళ్ళు చేశారు. క్లయింట్ బ్యాచ్ మొత్తం వెనక్కి పంపాడు, మళ్ళీ చేయించడానికి మూడు వారాల జీతాలు మా చేతినుంచే పడ్డాయి. అప్పట్నుంచి ఏ పనైనా ముందు రెండు వందల శాంపిల్స్ ముగ్గురితో విడివిడిగా చేయించి, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో క్లయింట్ ముందు పెట్టి, జవాబులు రాతలో తీసుకున్నాకే రేటు చెప్పేవాళ్ళం. ఆ తేడాల షీట్ చూసే మాకు పనిచ్చిన వాళ్ళున్నారు.

జనం ఎక్కువుంటేనే పని అవుతుందనుకోకండి. ఓపెన్‌ఏఐ 2022లో ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ (చాట్‌జీపీటీకి ముందొచ్చిన మోడల్) కోసం పెట్టుకున్న లేబులర్లు, అంటే ఈ డేటా తయారుచేసేవాళ్ళు, సుమారు 40 మందే, వాళ్ళని పరీక్ష పెట్టి మరీ ఎంచుకున్నారు. ఇప్పుడు అడుగుతున్నది కూడా డాక్టర్లు, లాయర్లు, కోడ్ బాగా రాసేవాళ్ళ చేతి పనే. మీ ముగ్గురిలో ఎవరికైనా అలాంటి ఒక రంగం లోతుగా తెలిస్తే అక్కడే మొదలెట్టండి.

ఒకే క్లయింట్ మీద ఆధారపడటం ఇంకో గుంట. ఆస్ట్రేలియాలో 1996 నుంచీ ఉన్న ఆపెన్ అనే డేటా కంపెనీకే 2024 జనవరిలో గూగుల్ కాంట్రాక్టు పోయేసరికి ఊపిరాడలేదు. మాకూ అలాగే ఒక రెండు లైన్ల మెయిల్ వచ్చింది, ఆ నెల జీతాలకి అప్పు చేశాను. పెద్దవాళ్ళకీ ఇబ్బందులున్నాయి లెండి: 2025 జూన్‌లో ఫేస్‌బుక్ వాళ్ళ మెటా కంపెనీ, స్కేల్ ఏఐలో 49 శాతం వాటా తీసుకున్నాక, మెటాతో పోటీపడే ల్యాబ్‌లు తమ డేటా అక్కడికి పంపడానికి వెనకాడాయి. ఎవరి జేబులోనూ లేని చిన్న కంపెనీకి అప్పుడే పిలుపొస్తుంది.

పైలట్, అంటే ఆర్డర్‌కి ముందు చేసి చూపించే చిన్న పని, మాత్రం ఫ్రీగా చేయకండి. మేం ఫ్రీగా చేసిన నాలుగింట్లో ఒక్కటీ ఆర్డర్ అవ్వలేదు.