ఐర్లండ్‌లో లైంగిక దాడి కేసు: "నాకు చెప్పింది" అనే సాక్ష్యం ఎంతవరకు పనికొస్తుంది?

మీరు అడిగింది ఇదీ: డబ్లిన్‌లో మీతో ఒకే ఇంట్లో ఉంటున్న స్నేహితురాలిపై తెలిసినవాడే లైంగిక దాడి చేశాడు. చూసినవాళ్లు లేరు. నాలుగు రోజుల తర్వాత మీ ఒక్కరికే చెప్పుకుంది. ఇప్పుడు గార్డా (అక్కడి పోలీసులు) దగ్గరికి వెళ్దామనుకుంటోంది. సాక్షి లేకపోతే కేసు నిలబడదని ఒకరన్నారు. గుంటూరులో లాయరైన మీ బాబాయి గారేమో "నీకు చెప్పింది కదా, నీ మాటే కొరాబొరేషన్" అన్నారు, అంటే ఆమె మాటను బలపరిచే వేరే ఆధారం అని.

ఐర్లండ్‌లో ఈ రెండు మాటలూ చెల్లవు. నేను లాయర్ని కాదు. కానీ ఒక అమ్మాయి మొదటగా చెప్పుకున్న మనిషిగా డబ్లిన్ పార్క్‌గేట్ స్ట్రీట్‌లోని క్రిమినల్ కోర్టులో సాక్ష్యం చెప్పాను. ఆమె ఎవరో, తీర్పు ఏం వచ్చిందో అడగొద్దు. ఫిర్యాదు చేసినామె ఎవరో తెలిసిపోయేలా రాస్తే 1981 నాటి అత్యాచార నేరాల చట్టం ప్రకారం అక్కడ నేరం.

ముందు సాక్షి లేదన్న భయం సంగతి. ఒకప్పుడు ఇలాంటి కేసుల్లో, వేరే ఆధారం లేకుండా ఆమె మాట మీదే శిక్ష వేయడం ప్రమాదమని జడ్జి జ్యూరీని తప్పనిసరిగా హెచ్చరించేవారు. ఆ చట్టానికి 1990లో వచ్చిన సవరణ చట్టం ఏడో సెక్షన్ ఆ తప్పనిసరిని తీసేసి, హెచ్చరించాలా వద్దా అన్నది జడ్జికే వదిలింది. తర్వాత జే.ఈ.ఎం. అనే కేసులో అప్పీల్ కోర్టు, లైంగిక నేరం అన్న ఒక్క కారణంతో హెచ్చరిక ఇవ్వనక్కర్లేదని, ఆమె మాట నమ్మదగ్గది కాదనడానికి కేసులో ఏదో ఆధారం కనబడాలని చెప్పింది. అంటే ఆమె ఒక్కదాని సాక్ష్యంతోనే జ్యూరీ దోషి అని తేల్చవచ్చు. అయినా హెచ్చరిక ఇవ్వాలని డిఫెన్స్ అడగడం మామూలే. నా దృష్టిలో ఇది సగం సంస్కరణే. పర్సు పోయిందని చెప్పినవాడి మాట మీద ఇలాంటి హెచ్చరిక కావాలని ఎవరూ పట్టుబట్టరు.

మీ బాబాయి గారు మన భారతీయ చట్టం ప్రకారం చెప్పారు. 1872 సాక్ష్య చట్టం 157వ సెక్షన్ కింద, ఘటన జరిగిన సమయంలోనో ఆ దగ్గర్లోనో సాక్షి చెప్పిన మాటను అతని సాక్ష్యాన్ని బలపరచడానికి వాడుకోవచ్చని ఉండేది. 2024లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అది ఉంది. ఐర్లండ్‌లో అలా కాదు. ఆమె మీకు చెప్పిన మాట, ఎంతైనా ఆమె నోటి నుంచే వచ్చిందాయె. తన మాటకు తానే బలం ఎలా అవుతుందన్నది వాళ్ల లెక్క. అప్పుడు మీకు చెప్పిందీ ఇప్పుడు కోర్టులో చెబుతున్నదీ ఒకటేనా అని చూసుకోవడానికే జ్యూరీ దాన్ని వింటుంది. జరిగిందనడానికి అది రుజువు కాదని జడ్జి విడమరిచి చెప్పాలి.

అదైనా ఊరికే రానివ్వరు. 1992 నాటి బ్రోఫీ తీర్పు ప్రకారం, పరిస్థితిని బట్టి వీలైనంత త్వరగా చెప్పి ఉండాలి, తనంతట తాను చెప్పి ఉండాలి. త్వరగా అంటే ఇన్ని గంటలని లెక్కేమీ లేదు. కాబట్టి నాలుగు రోజులు అనగానే డీలా పడకండి. ఆ నాలుగు రోజులూ ఎందుకు చెప్పలేకపోయిందో ఆమె వివరిస్తుంది. ఒకవేళ మీ సాక్ష్యాన్ని జడ్జి అనుమతించకపోయినా, అంతమాత్రాన కేసు పోదు.

నా వంతు వచ్చిన రోజు పొద్దుటి నుంచి బయటే కూర్చోబెట్టారు. లోపల జ్యూరీని పంపించేసి, నన్ను పిలవాలా వద్దా అని లాయర్లు వాదించుకుంటున్నారట. టెన్షన్‌తో కాళ్లు లాగేశాయి. తీరా పిలిచాక ప్రాసిక్యూషన్ అడిగినవి కొన్నే. డిఫెన్స్ బారిస్టర్ మాత్రం ఒక్కచోటే పట్టుకున్నాడు. "ఆమె చెప్పిందా, మీరు అడిగారా?" "ఏమైంది అని అడిగాను." "అతని పేరు ముందు ఎవరు ఎత్తారు?" "ఆమే." "వంటగదిలో చెప్పిందన్నారు, మరి మెసేజ్‌లో 'పైకి రా' అని ఉందే?" పైకి రమ్మంది నిజమే, కిందే మాట్లాడుకున్నాం. ఇంత చిన్న దానికే చెమటలు పట్టాయి. "ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు" అని మొదలుపెట్టబోతే జడ్జి మర్యాదగానే ఆపేశారు. నా అభిప్రాయంతో అక్కడ పని లేదు.

"ఏమైంది?" అని అడగడం వేరు, "వాడు నిన్ను ఇలా చేశాడా?" అని అందించడం వేరు. మీరెలా అడిగారో గుర్తున్నంత వరకు ఇప్పుడే ఒకచోట రాసిపెట్టుకోండి. గార్డా స్టేట్‌మెంట్ రాసి చదివి వినిపిస్తారు. మీరు అనని మాట ఉంటే సంతకానికి ముందే మార్పించండి. చాట్‌లు డిలీట్ చేయొద్దు. జరిగినదాని గురించి మళ్లీ మళ్లీ ఇద్దరూ మాట్లాడుకోవద్దు, ఇద్దరూ కలిసి కథ అల్లారంటారు. ఆమె ఏడుస్తుంటే పక్కన కూర్చోండి, దానికి ఎవరి అడ్డూ లేదు. రేప్ క్రైసిస్ సెంటర్ హెల్ప్‌లైన్ ఉచితం, ఆ నంబరు ఆమెకివ్వండి.

ఆమెకు ఇంగ్లిష్ తడబడుతుందన్నారు. స్టేషన్‌లో మీరు దుబాసీగా కూర్చోకండి, మీరు రేపు సాక్షి. ఫిర్యాదు ఇచ్చేటప్పుడు ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ను అడిగే హక్కు 2017 బాధితుల చట్టం ఆమెకిచ్చింది. వెళ్లే ముందే ఫోన్ చేసి తెలుగు మనిషి కావాలని చెప్పండి.