ట్యాంకు నీళ్ల రిపోర్టు బాగుంది, కుళాయి నీళ్లు కంపు కొడుతున్నాయి: చట్టపరంగా ఏం చేయొచ్చు?

ప్రశ్న: మాది చిన్న గ్రామం. రెండు నెలలుగా చివరి వీధి కుళాయిల్లో మొదటి పది నిమిషాలు మురుగు వాసనతో పచ్చటి నీళ్లు వస్తున్నాయి. ఆరేడు ఇళ్లలో పిల్లలకు విరేచనాలయ్యాయి. అడిగితే పంచాయతీ కార్యదర్శి ‘పరీక్ష చేయించాం, అంతా బాగుంది’ అంటూ రిపోర్టు చూపిస్తున్నారు. పైపులైను మార్చడానికి నిధుల్లేవంటున్నారు. నీటి పన్ను కట్టడం మానేసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని కొందరంటున్నారు. మా కేసు నిలుస్తుందా?

జవాబు: ముందుగా, పన్ను ఆపకండి. బకాయి పడితే అవతలివాళ్లకు మిమ్మల్ని వేలెత్తి చూపడానికి సాకు దొరుకుతుంది, మీకు ఒరిగేదేమీ లేదు. వినియోగదారుల కమిషన్ కూడా మీకు సరైన చోటు కాదు. పన్ను రూపంలో కట్టేది సేవకు ఇచ్చిన ప్రతిఫలం కాదన్న అభ్యంతరం మొదటి వాయిదాలోనే వస్తుంది. ఏ ప్రైవేటు ప్లాంటో డబ్బు తీసుకుని చెడ్డ నీళ్లు అమ్మితే అది వేరే సంగతి.

ఇక ఆ రిపోర్టు. అది అబద్ధమని వాదించకండి, నిజమే అయ్యుండొచ్చు. అందులో ‘నమూనా తీసిన చోటు’ అన్న గడి చూడండి. ఎక్కువ రిపోర్టుల్లో అక్కడ ఓవర్‌హెడ్ ట్యాంకు అనో, బోరు అనో ఉంటుంది. ట్యాంకు దాకా నీళ్లు శుభ్రంగానే ఉంటాయి. సరఫరా ఆపగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఆ పైపు మురుగుకాలువ పక్కనుంచో కిందనుంచో పోతుంటే, వదులైన జాయింటు గుండా మురుగు లోపలికి చేరుతుంది. మర్నాడు వాల్వు తిప్పగానే ముందు వచ్చేది అదే. చివరి వీధికే, అదీ మొదటి పది నిమిషాలే రావడానికి ఎక్కువగా కారణం ఇదే. కాబట్టి మీ కేసు కుళాయి దగ్గర పట్టిన సీసాతో మొదలవ్వాలి.

ఆ సీసా ఇంట్లోది కాకూడదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు వెళ్లి, బ్యాక్టీరియా పరీక్షకు శుద్ధి చేసిన సీసా అడిగి తెచ్చుకోండి. అందులో క్లోరిన్ ప్రభావాన్ని ఆపే రసాయనం ముందే ఉంటుంది, కడగకూడదు. కుళాయికి తగిలించిన రబ్బరు గొట్టం తీసేసి, ముందురోజు రాత్రే మూతిని స్పిరిట్‌తో తుడవండి. పొద్దున నీళ్లు వదలగానే ఒక సీసా పట్టండి. మూడు నిమిషాలు ధారగా వదిలేశాక రెండోది పట్టండి. ల్యాబు మామూలు పద్ధతి రెండోదే, కానీ మీ ఫిర్యాదంతా ఉన్నది మొదటిదాంట్లో. రెండింటిపైనా సమయం రాయండి. సీసా పైన వేలెడు ఖాళీ ఉంచి, ఐస్ పెట్టెలో ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చండి. ఆలస్యమైతే ఫలితం నమ్మదగింది కాదని కొట్టేస్తారు.

క్లోరిన్ మాత్రం అక్కడికక్కడే చూడాలి, సీసాలో నిలవదు. పంచాయతీ దగ్గరుండే కిట్‌తో ట్యాంకు దగ్గర ఒకసారి, చివరి కుళాయి దగ్గర ఒకసారి కొలవమనండి. ట్యాంకు దగ్గర క్లోరిన్ ఉన్నట్టు రంగు తేలి, మీ వీధిలో అసలు తేలకపోతే దారిలో ఏదో క్లోరిన్‌ను తినేస్తోందని అనుమానించాలి. అది మీకు గట్టి ఆధారం.

ఇదంతా వార్డు సభ్యుడి ఎదుట, ఇద్దరు సాక్షుల సంతకాలతో పంచనామాగా రాయండి. కార్యదర్శికి ముందురోజే లిఖితపూర్వకంగా తెలియజేయండి. ఆయన రాకపోయినా ‘మాకు తెలియకుండా తీశారు’ అనే మాట ఇక ఉండదు. అన్నట్టు, మీ వీధిలో ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు బిగించి ఉంటే ముందు అది తీయించండి. మోటారు లాగుడుకీ మురుగు లోపలికొస్తుంది. అవతలి వకీలు మొదట అడిగేది దాన్ని గురించే.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కొలి (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటి కూడా కనిపించకూడదు. క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలి. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ ప్రమాణం దానంతటదే శిక్ష వేసే చట్టం కాదు, కానీ నీళ్లు తాగదగినవా కాదా అన్నదానికి కోర్టు చూసే కొలబద్ద ఇదే.

రిపోర్టు రాగానే కార్యదర్శికీ, నీటి సరఫరా విభాగం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు)కీ, ఎంపీడీవోకీ అర్జీ పెట్టి, అది అందినట్టు ఇన్‌వార్డు నంబరు తీసుకోండి. అడిగేది స్పష్టంగా ఉండాలి: ఫలానా చోటునుంచి ఫలానా చోటు వరకు పైపు మార్చాలి, అప్పటిదాకా ట్యాంకరుతో నీళ్లివ్వాలి. ‘తగు చర్య తీసుకోగలరు’ అని రాస్తే తగు చర్య ఏదో వాళ్లే నిర్ణయించుకుంటారు. అదేరోజు సమాచార హక్కు కింద ఏడాది పరీక్ష రిపోర్టులు, నమూనా తీసిన చోట్లు, ట్యాంకు కడిగిన తేదీలు, బ్లీచింగ్ పౌడరు స్టాకు రిజిస్టరు అడగండి. మామూలు గడువు 30 రోజులు. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే సెక్షన్ 7(1) ప్రకారం 48 గంటలు, ఆ సంగతి దరఖాస్తు పైనే రాయండి.

అయినా కదలిక లేకపోతే రెండు దారులు. పగిలిన మురుగుకాలువ వల్లే ఇదంతా అయితే ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆదేశించే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఆర్డీవో ముందు ఫిర్యాదు వేయండి. పాత సీఆర్పీసీ 133 ఇదే. నిధుల్లేవన్న మాటకు జవాబు 1980లోనే సుప్రీంకోర్టు రత్లాం మునిసిపాలిటీ కేసులో ఇచ్చింది: ప్రజారోగ్య బాధ్యత తప్పించుకోవడానికి డబ్బు లేదనడం సాకు కాదు. ఆ కేసూ 133 కింద పుట్టిందే.

రెండోది జిల్లాలో శాశ్వత లోక్ అదాలత్. నీటి సరఫరా దాని పరిధిలోని ప్రజోపయోగ సేవల్లో ఉంది, కోర్టు ఫీజు లేదు. రాజీ కుదరకపోతే అదే తీర్పు చెప్పగలదు. అయితే అక్కడ వేశాక అదే వివాదంతో మరో కోర్టుకు వెళ్లలేరు, తీర్పుపై అప్పీలు కూడా లేదు. అందుకే చేతిలో రిపోర్టు లేకుండా అక్కడికి వెళ్లకండి. ఈ రెండూ కాక, హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ ఎప్పుడూ ఉంది. సురక్షిత నీరు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు చెప్పింది కూడా. కానీ అర్జీలు, ఇన్‌వార్డు నంబర్లు లేకుండా వెళ్తే ‘ముందు అధికారులను అడిగారా’ అన్న ప్రశ్న తప్పదు.

పిల్లల జబ్బుకు పరిహారం కష్టమైన పని. ఒక్క ఇంటి కేసులో ‘బయటి తిండి వల్ల కావచ్చు’ అని తోసేస్తారు. ఆసుపత్రి చీటీలు తేదీలవారీగా పోగుచేసి, ఏ ఇల్లు ఏ పైపుమీద ఉందో పటం గీసి జతచేయండి. జబ్బుపడ్డ ఇళ్లన్నీ ఒకే వాల్వు కింద కనబడితే వాదన బలపడుతుంది. ఈలోగా ఆ నీళ్లు మరిగించకుండా ఎవరికీ తాగనివ్వకండి.