చేపల మౌంటింగ్ వ్యాపారంలో తండ్రి వాటా: గడువు నవంబరు 18

ప్రశ్న: మాది కావలి. మా నాన్న, అన్నయ్య 2009లో 60, 40 శాతం వాటాలతో భాగస్వామ్య పత్రం రాసుకుని, చేపలను మౌంట్లుగా (గోడకు తగిలించే ప్రదర్శన నమూనాలుగా) తయారుచేసి కాలేజీ మ్యూజియంలకు, హోటళ్లకు, ఆక్వా కంపెనీల ఆఫీసులకు అమ్మేవారు. పదకొండేళ్లు ప్రతి చేపకూ గాజు కళ్లు పెట్టి రంగులు దిద్దింది నేనే. నాన్న 2023 నవంబరు 18న చనిపోయారు. ఇంట్లో అమ్మ, చెల్లెలు కూడా ఉన్నారు. పెద్దమనుషుల ముందు సగం ఇస్తానన్న అన్నయ్య ఇప్పుడు షెడ్డులోకే రానివ్వడం లేదు. సంస్థ రిజిస్టరు కాలేదు కాబట్టి కోర్టుకు వెళ్లినా ఫలితం ఉండదంటున్నాడు. నాన్న కాలం నాటి ఖాళీ స్టాంపు కాగితం ఒకటి దొరికింది. దానిపై నాకు వాటా ఇచ్చినట్టు రాయించుకోవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో ఎక్కువ భాగం అన్నగారి ప్రవర్తన గురించే ఉంది. కోర్టు మొదట చూసేది మీ నాన్నగారి మరణ తేదీని. ఇద్దరే భాగస్వాములున్న సంస్థ వారిలో ఒకరు మరణించిన రోజే రద్దవుతుంది. వారసుడు చేరతాడని పత్రంలో రాసుకున్నా అది నిలవదని 1965లో సేఠ్ గోవిందరాం షుగర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రద్దయిన సంస్థ లెక్కలు, లాభాల్లో వాటా కోరే దావాకు కాలపరిమితి చట్టం 5వ అధికరణం ఇచ్చిన గడువు రద్దు తేదీ నుంచి మూడేళ్లు, అంటే 2026 నవంబరు 18 వరకే. ఉమ్మడి కుటుంబ వ్యాపారమని వాదిస్తే పన్నెండేళ్లు దొరుకుతాయని ఎవరైనా చెబితే, 60, 40 అని రాసుకున్న పత్రం మీకు ఎదురుగా నిలబడుతుందని గుర్తుంచుకోండి.

పెద్దమనుషుల మాట నమ్మి ఇంత కాలం పోగొట్టుకోవడం మీ అజాగ్రత్తే. గడువు కొత్తగా మొదలవాలంటే, అది ముగియకముందే అన్నగారు బాధ్యతను ఒప్పుకుంటూ రాసి సంతకం చేసిన కాగితం కావాలి. నోటిమాటకు కాలపరిమితి చట్టం 18వ సెక్షన్ కింద విలువ లేదు.

రిజిస్ట్రేషన్ లేదన్న బెదిరింపుకు భయపడనక్కరలేదు. భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ పెట్టిన అడ్డు రద్దయిన సంస్థ లెక్కలు కోరే దావాకు వర్తించదని ఆ సెక్షనే చెబుతోంది. అయితే మీ హక్కు రంగులు దిద్దిన చేతుల వల్ల వచ్చింది కాదు, నాన్నగారి వారసుడిగా వచ్చింది. ఆయన వీలునామా రాయకపోతే, ఆయన 60 శాతం మీ అమ్మగారికి, అన్నగారికి, మీకు, చెల్లెలికి సమానంగా, తలా 15 శాతంగా వస్తుంది. మీరు ఆశిస్తున్న సగం చట్టంలో లేదు. అమ్మగారిని, చెల్లెలిని కూడా దావాలో పక్షాలుగా చేర్చాలి.

ఆ స్టాంపు కాగితాన్ని ముట్టుకోవద్దు. దాని క్రమ సంఖ్య, కొన్నవారి పేరు, తేదీ అమ్మినవారి రిజిస్టరులో ఉంటాయి. నాన్నగారి సంతకాన్ని నిపుణులు పోల్చి చూస్తారు. విలువైన పత్రాన్ని ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష ఉంది. న్యాయంగా వచ్చే 15 శాతాన్ని కూడా ఆ ఒక్క కాగితం అనుమానంలో పడేస్తుంది. షెడ్డు తాళం పగలగొట్టి సరుకు తెచ్చుకోవడమూ వద్దు.

సాక్ష్యం మీద శ్రమ పెట్టండి. 2009 పత్రం అసలు గానీ నకలు గానీ, మరణ ధ్రువపత్రం, సంస్థ కరెంటు ఖాతా స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండి ఉంటే దాని రద్దు సమయంలో చూపిన సరుకు నిల్వ, కాలేజీలకు ఇచ్చిన బిల్లులు సేకరించండి. ఈ వ్యాపారంలో అసలు విలువ గోడమీద ఉన్న పండుగప్పల్లో, కొర్రమీనుల్లో లేదు. ఏళ్ల తరబడి పోసుకున్న అచ్చుల్లో, సంస్థ పేరులో ఉంది. ఆ పేరుకున్న గుడ్‌విల్ (వ్యాపారం సంపాదించుకున్న మంచిపేరు విలువ) కూడా లెక్కలోకి వస్తుందని భాగస్వామ్య చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. లెక్క తేల్చకుండా అన్నగారు వ్యాపారం నడుపుతుంటే, నాన్నగారి వాటాను వాడుకున్నందుకు వచ్చిన లాభం గానీ, ఆ వాటా మొత్తంపై ఏటా 6 శాతం వడ్డీ గానీ వారసులు ఎంచుకోవచ్చునని అదే చట్టం 37వ సెక్షన్ అంటోంది.

ఈ వారంలోనే న్యాయవాది ద్వారా నోటీసు పంపండి, కానీ జవాబు కోసం ఆగకండి. దావాతోపాటే అచ్చులు, సరుకు జాబితా రాయడానికి అడ్వొకేట్ కమిషనర్‌ను (కోర్టు నియమించే న్యాయవాదిని), అవి అమ్మకుండా ఇంజంక్షన్‌ను కోరండి. దావా విలువ 3 లక్షలు, అంతకు మించితే దావాకు ముందే మధ్యవర్తిత్వం తప్పనిసరి అవుతుందేమో మీ న్యాయవాదిని అడగండి. అత్యవసర ఉత్తర్వు నిజంగా అవసరమై కోరినప్పుడు ఆ మెట్టు అడ్డు రాదు.

షెడ్డులో రంపంలాంటి మూతి ఒకటి వేలాడుతోందని చివర్లో రాశారు. రంపపు సొర వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. మీ వంతుగా దాన్ని ఇంటికి తెచ్చుకుంటే, అది చట్టబద్ధంగా వచ్చిందని నిరూపించే భారం మీపైనే పడుతుంది. కమిషనర్ వచ్చే లోపే మీ న్యాయవాదికి దాని ఫోటో చూపి, అటవీ శాఖకు ఎలా తెలపాలో నిర్ణయించుకోండి.