చిన్ని జీపీఏ గురించి తమ్ముడికి

తమ్ముడూ,

మీ చిన్ని తొమ్మిదో తరగతి కోర్సుల ఫారం చూశాను. "అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు ఎన్నుంటే అన్నీ పెట్టేద్దామా అక్కా" అన్నావు. కాస్త ఆగు. అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అదే ఏపీ, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే క్లాసులు. ముందు జీపీఏ, అంటే గ్రేడ్ల పాయింట్ల సగటు, ఎలా లెక్క వేస్తారో చూడు.

మామూలు క్లాసులో ఏ వస్తే 4 పాయింట్లు, బీకి 3, సీకి 2. చాలా స్కూళ్లలో ఆనర్స్‌కి (మామూలు క్లాసు కన్నా కాస్త కష్టమైనది) అర పాయింటు, ఏపీకి ఒక పాయింటు అదనం. అన్నీ కూడి క్లాసుల సంఖ్యతో భాగిస్తే వెయిటెడ్ జీపీఏ, అదనం కలపకపోతే అన్‌వెయిటెడ్.

చిన్నికి ఏపీ హ్యూమన్ జాగ్రఫీలో బీ, ఆనర్స్ బయాలజీ, ఆనర్స్ జామెట్రీల్లో ఏ, ఇంగ్లిష్‌లో ఏ, స్పానిష్‌లో బీ, ఆర్కెస్ట్రాలో ఏ వచ్చాయనుకో. 4, 4.5, 4.5, 4, 3, 4... మొత్తం 24. ఆరుతో భాగిస్తే సరిగ్గా 4.0. అన్నీ ఏలే అనుకుని స్వీట్లు పంచేవు! అదనం తీసేస్తే 3.67. కాలేజీవాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే గ్రేడ్ల పట్టికలో, ఆ రెండు బీలూ చూస్తారు.

ఇందులో ఒక తిరకాసుంది. ఐదు ఏపీల్లోనూ ఏ తెచ్చుకున్న పిల్లకి 5.0 ఉంటుంది. ఆరో క్లాసుగా ఆర్కెస్ట్రా తీసుకుని అందులోనూ ఏ తెచ్చుకుంటే 4.83కి పడిపోతుంది. బాగా వాయించినందుకు శిక్ష! ఇందుకే కొందరు పిల్లల చేత సంగీతం మాన్పించేస్తారు. నాకు ఒళ్లు మండే విషయం ఇదే. కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు (ఒక ప్రాంతంలో స్కూళ్లు నడిపే సంస్థలు) అలాంటి క్లాసులని జీపీఏలో కలపవు. మీ స్కూలు హ్యాండ్‌బుక్‌లో అది ముందు చూడు, చిన్ని వయొలిన్ జోలికి మాత్రం పోకు.

వాట్సాప్ గ్రూపులో ఎవరో మా వాడికి 5.4 అంటే టెన్షన్ పడకు. టెక్సస్‌లోనే కొన్ని డిస్ట్రిక్టులు 5 పాయింట్ల స్కేలు వాడితే, కొన్ని 6 వాడతాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ అయితే తన లెక్క తనే వేసుకుంటుంది. తొమ్మిదో తరగతి గ్రేడ్లు అందులో కలపదు, అదనపు పాయింట్లు ఎనిమిది సెమిస్టర్లకి మించి ఇవ్వదు, డీ వస్తే అసలే ఇవ్వదు. మేలో రాసే ఏపీ పరీక్ష స్కోరు సాధారణంగా జీపీఏలోకి రాదు, క్లాసులో వచ్చిన గ్రేడే లెక్క.

అయితే టెక్సస్‌లో ర్యాంకు సంగతి కొట్టిపారెయ్యలేం. 1997 చట్టం ప్రకారం స్కూల్లో మొదటి 10 శాతంలో ఉంటే రాష్ట్ర యూనివర్సిటీల్లో సీటు ఖాయం. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి (యూటీ ఆస్టిన్) మాత్రం 2026 ఫాల్ సెమిస్టర్ నుంచి 5 శాతమే. ర్యాంకు చాలాచోట్ల వెయిటెడ్ మీదే వేస్తారు. కాకపోతే ఖాయమయ్యేది యూనివర్సిటీలో సీటు, నువ్వు కలలు కంటున్న కంప్యూటర్ సైన్స్ కాదు.

నేనైతే ఈ ఏడాదికి ఒక్క ఏపీ చాలంటాను. పదో తరగతిలో పెంచొచ్చు. సంతకం పెట్టేముందు కౌన్సిలర్‌ని ఒకటి అడుగు: గ్రేడ్ తగ్గితే సెమిస్టర్ మధ్యలో మామూలు క్లాసులోకి మారొచ్చా, మారితే పాత గ్రేడ్ ఎలా లెక్కేస్తారు?

మీ అక్క