అమ్మమ్మ లేసు గుడ్డలతో బొంత

చిట్టీ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. అమ్మమ్మ పెట్టెలోని లేసు గుడ్డలు, గలీబులు అన్నీ మంచం మీద పరిచి తీశావు కదా, అందులో కుడి మూలన ఉన్న గుండ్రటి లేసు గుడ్డ మన పాత ఇంట్లో అలారం గడియారం కింద ఉండేది. ఫొటో పెద్దది చేసి చూడు, గడియారం కాళ్ళు ఆనిన చోట రెండు తుప్పు చుక్కలు కనిపిస్తాయి. మీ అమ్మ, నేను పొద్దున్నే ఆ గడియారం నోరు మూయించడానికి పోట్లాడుకునేవాళ్ళం.

వీటన్నిటితో బొంత కుట్టాలని ఉందన్నావు. కుట్టు, చాలా సంతోషం. కానీ మొట్టమొదట వాటిని రెండు కుప్పలు చెయ్యి. చెక్కుచెదరకుండా ఉన్నవి ఒక కుప్ప. మరకలు పడ్డవి, పోగులు తెగినవి, జతలో ఒకటే మిగిలినవి ఇంకో కుప్ప. బొంతకి ఈ రెండో కుప్పే. బాగున్న వాటిని బొంతలో బిగించేస్తే ఇక వాటిని విడిగా ఉతకలేవు, విడిగా దాచలేవు. ఇది నా పట్టుదల అనుకో, కానీ ఈ ఒక్క విషయంలో నా మాట విను.

అసలు ఆ గుడ్డలు మన ఇంట్లో ఎందుకున్నాయో నీకు ఎవరూ చెప్పి ఉండరు. మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, లేసు అల్లింది సరదాకి కాదు. నర్సాపురం వైపు ఈ అల్లిక 19వ శతాబ్దంలో స్కాట్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన పని. టీపాయ్ అన్నదే లేని ఇళ్ళల్లో కూర్చుని మన ఆడవాళ్ళు దొరల టీ బల్లల మీదికి గుడ్డలు అల్లారు. లేసు వ్యాపారుల ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లినవి లెక్క చూసుకుని పట్టుకుపోయేవాడు. కొలత తప్పిందనో, మురికి అంటిందనో తిప్పికొట్టినవి ఇంట్లో మిగిలేవి. నీ పెట్టెలో సగం అవే. అందుకే ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయి. కొలత తప్పింది నీదేమో అని కంగారుపడకు.

అప్పట్లో ఆ పనిలో మూడు రకాలు ఉండేవి. పువ్వులు అల్లడం చేతిపని. వాటిని ఒకదానికొకటి కలపడం అతుకుపని. లేసును గుడ్డకి పట్టించడం కాజాకుట్టు. నీకు ఇప్పుడు కావలసింది ఆ మూడోదే. అల్లడం రాదని దిగులు అక్కర్లేదు.

సరే, ఉతకడం. ఇక్కడే చాలామంది పాడు చేసుకుంటారు, నేనూ చేసుకున్నాను. పాత గుడ్డని దీపానికి అడ్డంగా పట్టుకుని చూడు, పలచబడ్డ చోట్లు కనిపిస్తాయి. అంచు దగ్గర రెండు వేళ్ళతో నెమ్మదిగా లాగి చూడు. చిరుగు చప్పుడు వస్తే దాన్ని నీళ్ళలో వెయ్యకుండా పక్కన పెట్టు. మిగిలినవి వెడల్పాటి టబ్బులో చల్లటి నీళ్ళు పోసి నానబెట్టు. గంటలో నీళ్ళు టీ డికాక్షన్ రంగులోకి వస్తాయి. పారబోసి మళ్ళీ పొయ్యి. మూడు నాలుగుసార్లు అలా చేశాక కాస్త లిక్విడ్ సబ్బు చాలు. తడిసిన లేసు తన బరువుకే సాగిపోతుంది. ఒక మూల పట్టి పైకి లేపకు, కింద పళ్ళెం పెట్టి పళ్ళెంతో సహా తియ్యి. పిండొద్దు, తువ్వాల్లో చుట్టి అదుము. కుంకుడుకాయ రసం పట్టుచీరలకి మంచిదే కానీ తెల్ల లేసుకి వద్దు, దాని రంగు కాస్త అంటుతుంది. ఇంకా పసుపుగా ఉంటే ఆక్సిజన్ బ్లీచ్ పొడి గోరువెచ్చటి నీళ్ళలో కలిపి నానబెట్టొచ్చు. ఘాటు వాసన వచ్చే మామూలు బ్లీచింగ్ జోలికి మాత్రం పోకు. ఆ రోజుకి తెల్లగా మెరుస్తుంది, తర్వాత పోగు పొడిపొడి అయిపోతుంది.

తుప్పు మరకకి నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెడితే చాలావరకు పోతుంది. తర్వాత నాలుగైదు నీళ్ళు మార్చి జాడించాలి, ఆ పులుపు నూలులో ఉండిపోతే గుడ్డని తినేస్తుంది. కానీ ఆ గడియారం చుక్కల్ని మాత్రం వదిలెయ్యి. నాకోసం.

రంగుదారం కుట్టున్న దిండు గలీబుల సంగతి వేరు. ముందు తెల్లటి తడిగుడ్డ ఆ కుట్టు మీద కాసేపు అదిమి పెట్టి చూడు. రంగు దిగితే నానబెట్టొద్దు. నీ ఫొటోలో చిలకల జంట గలీబు ఉంది చూడు, దానికి జత నా దగ్గర ఉండేది. కొత్త మోజులో వేణ్నీళ్ళలో వేశాను. ఎర్రముక్కుల రంగంతా దిగి చిలకలు రెండూ తాంబూలం వేసుకున్నట్టు తయారయ్యాయి. అమ్మ ఏమీ అనలేదు, మడిచి లోపల పెట్టేసింది. తిట్టినా బాగుండేది.

ఆరేటప్పుడే లేసుని సరైన ఆకారంలోకి తెచ్చుకోవాలి. థర్మోకోల్ షీటు మీద తువ్వాలు పరిచి, తడి లేసు దానిమీద పెట్టి, ప్రతి రేకు చివరా తుప్పుపట్టని గుండుసూది గుచ్చు. మధ్య నుంచి మొదలుపెట్టి ఎదురెదురు వైపులకి లాగుతూ రావాలి. పలచటి గంజి పెడితే కుట్టేటప్పుడు చేతికి నిలుస్తుంది. కుట్టడం అయ్యాక ఆ గంజి ఉతికెయ్యి, గంజి గుడ్డలు పెట్టెలో ఉంటే పురుగులకి పండగే. ఎంత లాగినా మధ్యలో గిన్నెలా లేచే గుడ్డ ఉంటే దాన్ని బొంతకి పెట్టకు. బలవంతంగా అణిచి కుడితే ముడతలు పడతాయి.

ఇక కుట్టు. లేసు మీద ఏ బరువూ పడకూడదు. బొంతని లాగినా, దులిపినా, తడిపినా ఆ లాగుడంతా కింది గుడ్డే మొయ్యాలి, లేసు దాని చంకనెక్కి కూర్చోవాలి. కాబట్టి లేసుముక్కని ముక్కతో కలిపి బొంత చెయ్యాలనుకోకు. పన్నెండున్నర అంగుళాల చదరాలు కొయ్యి, కుట్టులోకి చుట్టూ పావు అంగుళం పోతే పన్నెండు మిగులుతుంది. అడ్డం ఐదు, నిలువు ఏడు, మొత్తం 35 చదరాలైతే ఒక మనిషికి సరిపోయే బొంత. బొంతకి పనికొచ్చే లేసు గుడ్డలు పదకొండే కదా, మిగతా చదరాలు ఖాళీగా ఉండనీ. అన్నిటి మీదా ఏదో ఒకటి ఉంటే కంటికి ఊపిరాడదు. గుడ్డ మంగళగిరి నూలు లాంటి గట్టి నేత అయితే మేలు, నీలమో ముదురు మెరూనో తీసుకో. తెల్ల గుడ్డ మీద తెల్ల లేసు పెడితే అమ్మ అల్లిన పువ్వు ఎవరికి కనిపిస్తుంది? కొన్న గుడ్డని కొయ్యకముందే రెండుసార్లు ఉతుకు. లేకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుపోయి లేసు బుడగల్లా లేస్తుంది. ముదురు రంగు కాబట్టి రంగు దిగుతుందో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది.

చదరం మీద లేసు పెట్టి ముందు పెద్ద పెద్ద టాకాలు వెయ్యి. తర్వాత లేసు రంగులోనే ఒంటిపోగు దారంతో, ప్రతి రేకు చివరా ఒకటి, రేకుల మధ్య పల్లంలో ఒకటి చొప్పున చిన్న కుట్లు. అంచు ఒక్కటే కుట్టి వదిలేస్తే మధ్యభాగం జారి వేలాడుతుంది, లోపలి వలయాలు కూడా అక్కడక్కడా పట్టించు. మెషీన్ మీద కుట్టాలనిపిస్తే పైన పలచటి కాగితం పరిచి కుట్టి తర్వాత చింపెయ్యి, లేకపోతే పాదం లేసు కన్నాల్లో ఇరుక్కుంటుంది. నేనైతే చేత్తోనే కుడతాను. టీవీ చూస్తూ రోజుకొక చదరం అవుతుంది.

పెద్ద లేసుని సగానికి కొయ్యాలంటే కత్తెర పట్టకముందే, కొయ్యబోయే గీతకి రెండు వైపులా మెషీన్ కుట్టు దగ్గరదగ్గరగా రెండుసార్లు వెయ్యాలి. ఇది తెలియక ఒకసారి ట్రేగుడ్డని నేరుగా కోశాను. కళ్ళు మూసి తెరిచేలోపు పువ్వులు ఊడి నా ఒళ్ళో ఉంగరాల దారం మిగిలింది. అది అల్లడానికి అమ్మకి ఎన్ని సాయంత్రాలు పట్టిందో లెక్క కట్టుకోబుద్ధి కాలేదు.

'స్వీట్ డ్రీమ్స్' అని కుట్టున్న గలీబు గుడ్డ బాగా నలిగిపోయింది. దాని వెనక పలచటి మల్లు గుడ్డ పెట్టి టాకాలు వేసి, రెంటినీ కలిపి ఒకే గుడ్డలా వాడు. టైలర్లు ఇస్త్రీతో అంటించే పేస్టింగ్ వద్దు, అంటాక ఇక రాదు. వెనకవైపు దారపు తోకలు కత్తిరించకు, ముడులు ఊడతాయి.

లోపల దూది పెట్టకు. ఉతికితే ఉండలు కడుతుంది. మన బొంతల్లో ఎప్పుడూ పాత నూలుచీరలే, మెత్తబడ్డవి రెండు మూడు పొరలు చాలు. పై గుడ్డ, లోపలి చీరలు, అడుగు గుడ్డ కలిపి కుట్టే వరుసలు లేసు చుట్టూ తిరిగి వెళ్ళాలి, ఎంబ్రాయిడరీ మీదుగా సూది పోకూడదు. ఇంకో సంగతి, కాళ్ళవైపు రెండు వరుసల్లో లేసు అసలు పెట్టకు. మెట్టెలు, పట్టీలు తగులుకుని ఒక్క రాత్రిలో పోగులు లాగేస్తాయి. నడుమ భాగంలో పెట్టు, గాజులు తీసి పడుకో.

పదకొండు సరిపోవనిపిస్తే బాగున్న కుప్పలోంచి తియ్యకు. నర్సాపురంలో కొత్తవి దొరుకుతాయి. 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని చెప్పే ముద్ర, కూడా వచ్చింది. నాకు చెబితే పంపిస్తాను, కానీ బేరం మాత్రం ఆడను.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండో కుప్ప తీసుకురా. కాజాకుట్టు రాసి చెప్పేది కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాల్సిందే. నాకు కళ్ళజోడు నంబరు మళ్ళీ మారింది, సూదిలోకి దారం మాత్రం నువ్వే ఎక్కించాలి.

మీ పెద్దమ్మ