చెల్లి పెళ్లికి పాత జాగ్వార్ అద్దె: మీ ప్రశ్నకి సమాధానం

అన్నా, బర్మింగ్‌హామ్‌లో చెల్లి పెళ్లికి జాగ్వార్ మార్క్ 2 తీసుకుందామా, పెళ్లికూతురుతో పాటు అమ్మానాన్నా, రెండేళ్ల పాపా అందులోనే రావాలి అన్నారు కదా, నా మాట వినండి, దీనికి మార్క్ 2 వద్దు. 1959-67 మధ్య తయారైన కారు, బయట నుంచి ఎంత బాగుంటుందో పట్టుచీర, పూలజడతో వెనక ముగ్గురు కూర్చోడానికి అంత ఇరుకు. పైగా 1965కి ముందు కార్లలో చాలావాటికి సీట్ బెల్టులుండవు, బెల్టుల్లేని కారులో మూడేళ్లలోపు పిల్లల్ని ఎక్కించడం ఇక్కడ చట్టానికి విరుద్ధం, పాప విషయంలో తేలిగ్గా తీసుకోకండి ప్లీజ్.

డైమ్లర్ డీఎస్420 లిమోజిన్ అడగండి. 1968 నుంచి 1992 దాకా చేశారు, లోపల మడత సీట్లు కూడా ఉంటాయి, అందరూ హాయిగా పడతారు. దాంట్లో కూడా వెనక బెల్టులున్నాయో లేదో, పాప సీటు బిగుస్తుందో లేదో ఫోటో పంపమనండి. బ్యూఫోర్డ్ అనే కారు చూపిస్తే పాతకారు అనుకోకండి, 1930ల మోడల్‌లా కనిపిస్తుంది గానీ కట్టింది 1980ల తర్వాతే.

40 ఏళ్లు దాటిన కార్లకి సాధారణంగా ఎంఓటీ (కారు రోడ్డు మీద తిరగడానికి సురక్షితమేనా అని ఏటా చేసే పరీక్ష) తప్పనిసరి కాదు, అందుకే ఈమధ్య చేయించారా అని అడిగి, అద్దెకి తిప్పడానికి ఇన్సూరెన్స్ ఉందో చూడండి. ఆ రోజు కారు ఆగిపోతే బదులు ఏది పంపుతారో అడ్వాన్స్ కట్టేముందే రాయించుకోండి.