లింకు లేచినా కాస్ట్ 65535 దగ్గరే ఎందుకు ఆగింది?

ప్రశ్న: ఎంపీఎల్ఎస్ (ప్యాకెట్లకు లేబుళ్లు తగిలించి పంపే పద్ధతి) కోర్‌లో తెగిన ఫైబర్ మళ్లీ కలిపాం. దారులు లెక్కగట్టే ఓఎస్‌పీఎఫ్ ప్రొటోకాల్‌లో నైబర్ (పక్క రౌటర్) ‘ఫుల్’ అనే, అంటే పూర్తిగా కలిసినట్టే చూపిస్తోంది. అయినా ఆ లింకు కాస్ట్ (దారి ఎంపికలో చూసే అంకె, తక్కువ ఉన్న దారికే మొగ్గు) గరిష్ఠమైన 65535 నుంచి దిగడం లేదు, ట్రాఫిక్ అంతా చుట్టుదారినే పోతోంది. లేబుళ్లు పంచే ఎల్‌డీపీ సిద్ధమయ్యేదాకా లింకును పక్కన పెట్టే ‘ఎల్‌డీపీ సింక్’ తీసేస్తే సరిపోతుందా?

జవాబు: దయచేసి తీయకండి. ఓఎస్‌పీఎఫ్ సిద్ధమైనా, ఎల్‌డీపీ సెషన్ కుదిరి లేబుళ్లు అందేసరికి ఆలస్యమవుతుంది. ఆలోగా ట్రాఫిక్ ఆ లింకెక్కితే మామూలు పింగ్ బాగానే పోతుంది, వీపీఎన్ ప్యాకెట్లు మాత్రం లేబుల్ లేక రాలిపోతాయి. ఆ నష్టం జరగకుండానే సింక్ లింకుకు గరిష్ఠ కాస్ట్ పెట్టింది. వెతకాల్సింది ఎల్‌డీపీ ఎక్కడ ఆగిందన్నది.

సిస్కో ఐఓఎస్‌లో ముందు ‘షో ఎంపీఎల్ఎస్ ఎల్‌డీపీ డిస్కవరీ’ కొట్టండి. ఆ ఇంటర్‌ఫేస్ ఎదుట ‘ఎక్స్‌మిట్/రిసీవ్’ రెండూ ఉండాలి. ఎక్స్‌మిట్ ఒక్కటే ఉంటే అవతలి నుంచి హలోలు (పలకరింపు ప్యాకెట్లు) రావడం లేదని అర్థం. చాలాసార్లు అవతలి ఇంటర్‌ఫేస్ మీద ‘ఎంపీఎల్ఎస్ ఐపీ’ ఆదేశం ఉండదు, లేదా ప్యాకెట్లను వడకట్టే యాక్సెస్ లిస్ట్ 224.0.0.2కు వెళ్లే యూడీపీ 646ను ఆపేస్తుంటుంది. రెండూ ఉండి పక్కన ‘నో రూట్’ కనిపిస్తే అవతలి లూప్‌బ్యాక్‌ను (రౌటర్ సొంత చిరునామా ఉండే వర్చువల్ ఇంటర్‌ఫేస్) ఓఎస్‌పీఎఫ్‌లో ప్రకటించలేదేమో చూడండి. రూట్ కూడా ఉంటే మీ లూప్‌బ్యాక్ సోర్స్‌గా అవతలి లూప్‌బ్యాక్‌కు పింగ్ చేయండి. ఆ పింగ్‌కూ జవాబు బాగానే వస్తుంటే ఇక అనుమానించాల్సినవి టీసీపీ 646, రెండు వైపులా పాస్‌వర్డ్. పాస్‌వర్డ్ తేడా అయితే లాగ్‌లో ఎండీ5 ఫిర్యాదు కనిపిస్తుంది.

‘షో ఎంపీఎల్ఎస్ ఎల్‌డీపీ నైబర్’లో స్టేట్ ‘ఆపర్’ అయ్యాక కాస్ట్ తనంతట తానే దిగుతుంది. ఇంకొక్క మాట: కాస్ట్ దిశను బట్టి ఉంటుంది. అవతలి రౌటర్‌లో సింక్ పెట్టకపోతే అటు నుంచి వచ్చే ట్రాఫిక్‌కు రక్షణ లేనట్టే.

ప్రశ్న: సింక్ ‘అచీవ్డ్’ అనే ఉంది. అయినా ఒక్క పీఈకి (కస్టమర్లు కలిసే అంచు రౌటర్) మాత్రం వీపీఎన్ పనిచేయడం లేదు. ఎందుకని?

జవాబు: ఆ పీఈ లూప్‌బ్యాక్ మాస్క్ చూడండి. దానికి 10.0.0.5/24 ఇచ్చారనుకుందాం. ఓఎస్‌పీఎఫ్ దాన్ని /32గా (ఆ ఒక్క చిరునామాగా) ప్రకటిస్తుంది, ఎల్‌డీపీ మాత్రం /24కు (మొత్తం సబ్‌నెట్‌కు) లేబుల్ ఇస్తుంది. పక్క రౌటర్‌కు కావాల్సిన /32 లేబుల్ ఎప్పటికీ రాదు. అక్కడ ‘షో ఎంపీఎల్ఎస్ ఫార్వర్డింగ్ టేబుల్’లో ‘పాప్ లేబుల్’ (పై లేబుల్ ఒక్కటే తీయడం) ఉండాల్సిన చోట ‘నో లేబుల్’ ఉంటుంది, వీపీఎన్ లేబుల్ కూడా అక్కడే ఊడిపోతుంది. సెషన్ నిలబడే ఉంటుంది కాబట్టి సింక్‌కు ఈ తప్పు కనిపించదు. మాస్క్‌ను 255.255.255.255కు మార్చండి. మార్చే వీలు లేకపోతే లూప్‌బ్యాక్ మీద ‘ఐపీ ఓఎస్‌పీఎఫ్ నెట్‌వర్క్ పాయింట్ టు పాయింట్’ ఇవ్వండి.